లండన్ మ్యూజియాలలో చైనా కళ: నా అనుభవం

2024 సెప్టెంబరు చివర్లో లండన్‌లో రెండు ప్రదర్శనలు ఒక్క రోజు తేడాతో మొదలయ్యాయి. 26న బ్రిటిష్ మ్యూజియంలో ‘సిల్క్ రోడ్స్’, 27న బ్రిటిష్ లైబ్రరీలో చైనాలోని దున్‌హువాంగ్ పట్టణం మీద మరొకటి. రెండూ 2025 ఫిబ్రవరి 23 దాకా ఉంటాయని ప్రకటించారు కాబట్టి తొందరేమీ లేదనుకున్నాను. చైనా కళ గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా చిన్నప్పుడు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దాల బీరువాల వెనుక చూసిన పింగాణీ సామాను, స్కూలు పుస్తకంలో చదువుకున్న హ్యూయన్ త్సాంగ్ పేరు, అంతే. ఆ శరదృతువు నుంచి మరుసటి వేసవి దాకా ప్రదర్శనలు చూస్తూ, ఉపన్యాసాలు వింటూ, చివరికి ఒక మ్యూజియం స్టడీ రూములో నా ఎదుట ఒక చుట్ట పటాన్ని విప్పించుకుని చూసేదాకా ఈ వ్యవహారం ఎలా సాగిందో, ఎక్కడ డబ్బు ఖర్చయిందో, ఎక్కడ ఒక్క పైసా కాలేదో, ఇలాంటి ఆసక్తి ఉన్నవారికి పనికొస్తుందని వరుసగా రాస్తున్నాను.

అక్టోబరులో ఒక శనివారం ‘సిల్క్ రోడ్స్’కు వెళ్ళాను. టికెట్టు ఇరవై పౌండ్లు దాటింది, పైగా లోపలికి వెళ్ళే సమయాన్ని ముందే ఎంచుకోవాలి. మ్యూజియంలోకి ప్రవేశం ఉచితమే అయినా గేటు దగ్గర సంచుల తనిఖీ ఉంటుంది, శనివారం కావడంతో ఆ వరుసలోనే అరగంటకు పైగా గడిచింది. మాంటేగ్ ప్లేస్ వైపున్న వెనుక ద్వారం దగ్గర వరుస సాధారణంగా చిన్నదని ఆ తరువాత తెలిసింది. ప్రదర్శనలో మొట్టమొదట కనిపించేది స్వీడన్‌లోని హెల్యో అనే చోట తవ్వకాల్లో దొరికిన చిన్న కంచు బుద్ధుడు. భారత ఉపఖండపు వాయవ్య మూలన తయారైన విగ్రహం అంత దూరం ఎలా చేరిందో ఊహించుకుంటూ నిలబడదామంటే వెనుక నుంచి జనం నెట్టుకొస్తున్నారు. క్రీస్తు శకం 500 నుంచి 1000 దాకా సాగిన రాకపోకలను మూడు వందలకు పైగా వస్తువులతో చూపే ప్రదర్శన అది. సమర్కండ్ దంతపు చదరంగం పావుల దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు లాగేశాయి, ఇంకా సగం దారి మిగిలే ఉంది.

అంతటి రద్దీలోనూ ఒక వస్తువు దగ్గర మాత్రం పావుగంట నిలబడగలిగాను, ఎందుకంటే అది చిన్నది, నలుగురు ఆగి చూసేంత ఆకర్షణ లేనిది. మూరెడు పొడవు, బెత్తెడు ఎత్తు ఉన్న చెక్కపలక మీద వేసిన బొమ్మ. పురాతత్వ అన్వేషకుడు ఆరెల్ స్టైన్ నేటి పశ్చిమ చైనాలోని ఖోతాన్ దగ్గర దాందాన్ ఊలిక్ శిథిలాల్లో దీన్ని కనుగొన్నాడు. మధ్యలో కిరీటంతో ఒక రాజకుమారి ఉంటుంది, ఆమె పక్కనున్న పరిచారిక చెయ్యెత్తి ఆ కిరీటాన్ని వేలితో చూపిస్తూ ఉంటుంది. పట్టుపురుగుల్ని దేశం దాటించడం నిషేధం కాబట్టి, ఖోతాన్ రాజుకు ఇచ్చి పెళ్ళి చేసినప్పుడు ఆ రాజకుమారి వాటిని కిరీటంలో దాచి తెచ్చిందని కథ. ఆ కథను రాసిపెట్టినవాడు హ్యూయన్ త్సాంగే అని పక్కన రాసి ఉంది. నేరాన్ని బయటపెడుతున్నట్టున్న ఆ పరిచారిక వేలు నాకు ఎంతో నచ్చింది. మిగతా మూడు వందల వస్తువుల్లో చాలావాటిని మరుసటి వారానికే మరచిపోయాను గానీ ఆ వేలు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ఆ రాత్రి గుంటూరుకు ఫోన్ చేసి చెబితే మా అమ్మ, “అదంతా సరేగానీ, మన అమరావతి రాళ్ళు అక్కడే ఉన్నాయి కదమ్మా, అవి చూశావా?” అని అడిగింది. శుక్రవారాల్లో బ్రిటిష్ మ్యూజియం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. సాయంత్రం ఆరు దాటితే హాళ్ళు ఖాళీ అవుతాయి. ఆ వారమే ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళాను. అమరావతి శిల్పాలున్న 33ఏ గది గాజు గోడల వెనుక ఉంటుంది. దాన్ని ఆనుకుని ఉన్న పొడవాటి 33వ గదిలో ఒక భాగం దక్షిణాసియాది, మరొక భాగం చైనాది. ఒకే పైకప్పు కింద ఈ కొసన ధాన్యకటకం, ఆ కొసన చైనా. ఏడో శతాబ్దంలో అంత దూరం నుంచి నడిచి వచ్చి, ధాన్యకటకంలో కొన్ని నెలలు ఆగి బౌద్ధుల అభిధర్మ గ్రంథాలు చదువుకున్న హ్యూయన్ త్సాంగ్‌ను తలచుకుంటూ నేను ఎదురు దిశలో నాలుగడుగులు నడిచాను. చైనా భాగంలోకి నా కాళ్ళు వెళ్ళిన కారణం అంతకు మించి ఏమీ లేదు.

అక్కడ ఒక పెద్ద అద్దాల పెట్టెలో 728లో మరణించిన లియు తింగ్‌షున్ అనే సేనాని సమాధి నుంచి వచ్చిన మట్టి బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. ఒంటెలు, గుర్రాలు, వాటిని పట్టుకున్న సేవకులు, అధికారులు, రక్షకులు, సమాధిని కాచే వింత మృగాలు. ఎత్తయినవి మీటరు దాటతాయి. చూశాను, బాగున్నాయనిపించింది, ఇంటికి వచ్చేశాను. మర్నాడు మ్యూజియం కార్యక్రమాల జాబితా తిరగేస్తే, నవంబరులో ఒక మధ్యాహ్నం భోజన వేళకు ఆ బొమ్మల మీదే ముప్పావు గంట ఉచిత గ్యాలరీ ఉపన్యాసం ఉందని కనిపించింది. మూడు వారాలు ఆగాలి. పూట సెలవు పెట్టుకున్నాను.

ఇలాంటి ఉపన్యాసాలకు కుర్చీలుండవు. పదిహేను ఇరవై మంది ఆ వస్తువు చుట్టూ నిలబడి వినాలి, ఆలస్యంగా వచ్చినవారికి వెనుక వరుసే మిగులుతుంది, పక్క నుంచి వెళ్ళే స్కూలు పిల్లల గోలలో మాట వినపడదు. అందుకే పది నిమిషాలు ముందు చేరి, వక్తకు కుడివైపో ఎడమవైపో దగ్గరగా నిలబడటం మంచిది. ఆ రోజు మాట్లాడిన ఆవిడ చరిత్ర మొదటి ఐదు నిమిషాల్లో ముగించి, “ఇప్పుడు గుర్రం కాళ్ళు చూడండి” అంది. బొమ్మల మీద వేసిన, సీసం కలిపిన గాజు పూత బట్టీలో కరిగి కిందికి జారుతుంది కాబట్టి కాషాయం, ఆకుపచ్చ, మీగడ రంగులు ఒకదానిలోకి ఒకటి ఒలికి, కొన్నిచోట్ల చుక్క రాలబోతూ గడ్డకట్టి ఉన్నాయి. మనుషుల ముఖాలకు మాత్రం పూత వేయలేదు. ముఖమంతా రంగు కారితే కళ్ళూ పెదవులూ పోతాయి గనుక ఆ భాగాన్ని వదిలేసి, కాల్చిన తరువాత విడిగా రంగులు వేశారట. ఇంతకు ముందు నేను చూసి “బాగున్నాయి” అనుకున్నవే ఇవి. ఒక మనిషి పక్కన నిలబడి ఎక్కడ చూడాలో చెబితే తప్ప నా కళ్ళకు అందనివి ఎన్ని ఉన్నాయో అన్న దిగులు, వాటిని చూడటం నేర్చుకోవచ్చునన్న సంతోషం రెండూ ఒకేసారి కలిగాయి. ఇరవై పౌండ్లు పెట్టి రెండు గంటలు తిరిగిన నాడు దొరకనిది, నయాపైసా ఖర్చు లేకుండా ఒక్క గుర్రం కాళ్ళ దగ్గర దొరికింది. అప్పటి నుంచి నేను పాటించిన పద్ధతి ఇదే: ముందు ఉపన్యాసం, ఆ తరువాతే వస్తువు, రోజుకు ఒక్కటే.

ఆ ఉపన్యాసంలోనే నా పక్కన నిలబడిన ఒక చైనా పెద్దావిడతో పరిచయమైంది. ఉద్యోగ విరమణ చేసి, వారం వారం ఇలాంటి వాటికి వస్తుంటారట. ఏ సంస్థ ఎప్పుడు జాబితా విడుదల చేస్తుందో, ఎక్కడ టికెట్లు గంటలో అయిపోతాయో ఆమెకు కంఠతా వచ్చు. డిసెంబరులో దున్‌హువాంగ్ ప్రదర్శనకు ఇద్దరం కలిసే వెళ్ళాం. అది ‘సిల్క్ రోడ్స్’ కన్నా చాలా చిన్నది, నాకు మాత్రం అదే మేలనిపించింది. నేత పనివారు, లేఖకులు, సన్యాసినులు, వర్తకులు అంటూ ఆ ఊళ్ళో బతికిన మనుషుల వెంట కథను నడిపారు. 868 నాటి బౌద్ధ గ్రంథం వజ్రచ్ఛేదిక సూత్రం అక్కడే చూశాను. తేదీతో సహా దొరికిన అచ్చు గ్రంథాలలో అన్నిటికన్నా పాతది అది. చివర్లో వాంగ్ జియే అనే ఆయన తన తల్లిదండ్రుల పేరిట అందరికీ ఉచితంగా పంచడానికి దీన్ని చేయించినట్టు, ఆ సంవత్సరం నాలుగో నెల తేదీతో అచ్చయి ఉంది. గ్రంథాన్ని చైనా భాషలోకి తెచ్చిన కుమారజీవుని తండ్రి భారతీయుడు. అంచుల్లో గీత గీతకూ చెక్కమీది ఉలి జాడ కనిపిస్తుంది, బుద్ధుని ఎదుట మోకరించిన శిష్యుడు సుభూతి మోచేతి మడత దగ్గర కూడా.

ఆ పత్రాలు దొరికిన దున్‌హువాంగ్ గుహను పదకొండో శతాబ్దం మొదట్లో మూసివేశారు. 1900లో వాంగ్ యువాన్‌లు అనే తావో మతస్థుడు దాన్ని కనుగొన్నాడు. 1907లో స్టైన్ వచ్చి వేల ప్రతుల్ని స్వల్ప మొత్తానికి కొని పట్టుకుపోయాడు. ఈ సంగతి రాసి ఉన్న ఫలకం దగ్గర పెద్దావిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బయటికి వచ్చాక టీ తాగుతూ, “చదువుకునే రోజుల్లో దున్‌హువాంగ్ చూడాలనుకునేదాన్ని. చివరికి దాని కాగితాలు చూడటానికి సెయింట్ పాంక్రస్ స్టేషన్ పక్కకు రావాల్సి వచ్చింది” అన్నారు. నేను అమరావతి సంగతి చెప్పాను. మరుసటి శుక్రవారం ఆమె నాతో 33ఏ దాకా వచ్చి, గాజు గోడ దగ్గర నిలబడి, “మీ అమ్మగారు చూశారా వీటిని?” అని అడిగారు. లేదన్నాను. ఇవి ఎవరికి చెందాలన్న వాదనలు ఆ ఏడాది ఎన్నో ఉపన్యాసాల చివర ప్రశ్నోత్తరాల్లో విన్నాను. గట్టిగా మాట్లాడినవారెవరూ తమ ఊరి వస్తువు ఎదుట అలా నిలబడినవారిలా నాకు అనిపించలేదు.

సాయంత్రపు ఉపన్యాసాల సంగతి కొంత చెప్పాలి. విశ్వవిద్యాలయాలు, కళాభిమానుల సంఘాలు పెట్టే వాటిలో చాలావరకు ఉచితమే, పేరు నమోదు చేసుకుంటే చాలు. అయితే ఉచితం కావడం వల్లే సీట్లు వెంటనే నిండిపోతాయి, తీరా వెళ్తే హాలు సగం ఖాళీగా ఉంటుంది. నిరీక్షణ జాబితాలో ఉన్నా వెళ్ళి తలుపు దగ్గర నిలబడితే దాదాపు ప్రతిసారీ లోపలికి రానిచ్చారు. జనవరిలో ఒకసారి మాత్రం, వానలో గంటంబావు ప్రయాణం చేసి చేరేసరికి తలుపు మీద ‘వాయిదా పడింది’ అన్న కాగితం అంటించి ఉంది. వాయిదా ఈమెయిల్ నేను ట్యూబు రైల్లో సొరంగంలో ఉండగా వచ్చింది. మా ఆయన, “ఆ కుండలూ పిడతలూ ఎక్కడికీ పోవులే, ఎండాకాలం చూసుకోవచ్చు” అని ఓదార్చారు. ఆయన అన్నది నిజమే, ఆ ఉపన్యాసం మళ్ళీ మార్చిలో జరిగింది. ఇంకో మాట. ఇలాంటి చోట్ల వక్తలు పండితుల కోసం మాట్లాడతారు. రాజవంశాల పేర్లు తెలియకపోతే మొదటి పది నిమిషాల్లోనే దారి తప్పుతాం. తాంగ్, సోంగ్, యువాన్, మింగ్, చింగ్ అన్న వరుసను, వాటి కాలాల్ని ఒక చీటీ మీద రాసుకుని పర్సులో పెట్టుకున్నాక నా పని తేలికైంది. ప్రదర్శన కాటలాగు ఖరీదు చూసి వెనక్కి పెట్టేసి, మా బరో లైబ్రరీలో రిజర్వు చేస్తే నెల లోపే చేతికి వచ్చింది.

నవంబరులో ఒక వార్త వచ్చింది: సర్ పెర్సివల్ డేవిడ్ ఫౌండేషన్ వారు తమ చైనా పింగాణీ సేకరణను, దాదాపు 1,700 వస్తువుల్ని, బ్రిటిష్ మ్యూజియానికి శాశ్వతంగా ఇచ్చేస్తున్నారని, దాని విలువ వంద కోట్ల పౌండ్లని. అవి 2009 నుంచే అక్కడ 95వ గదిలో ఉన్నాయి. నేను ఆ గది ముందు నుంచి ఒకసారి వెళ్తూ, అరల నిండా గిన్నెలు కిక్కిరిసి ఉండటం చూసి లోపలికి అడుగు పెట్టలేదు. ఈ డేవిడ్ 1892లో బొంబాయిలో పుట్టినవాడని పెద్దావిడ చెబితే కుతూహలం కలిగింది. ఆ గదికి ఉత్తరపు మెట్ల మీదుగా వెళ్తే, మెట్ల మధ్య ఖాళీలో 585 నాటి పాలరాతి అమితాభ బుద్ధుడు ఐదున్నర మీటర్లకు పైగా ఎత్తున నిలబడి ఉంటాడు. లిఫ్టు ఎక్కితే ఆయన దర్శనం పోతుంది. మొదటి మలుపులో పాదాలు, తరువాత నడుము, చివరికి ముఖం మన ముఖానికి సమానంగా.

95వ గదిలో ఏ వస్తువు చూడాలో ముందే నిర్ణయించుకుని వెళ్ళకపోతే కళ్ళు తిరుగుతాయి. నేను మూడింటిని ఎంచుకున్నాను, ఒక్కొక్కదానికి ఒక్కొక్క శుక్రవారం. మొదటిది డేవిడ్ కూజాల జంట. రెండడుగులు పైచిలుకు ఎత్తు, తెల్లటి పింగాణీ మీద నీలిరంగు డ్రాగన్లు, మెడకు రెండు వైపులా ఏనుగు తలల పిడులు. మెడ చుట్టూ నీలి అక్షరాల్లో ఒక శాసనం: యుషాన్ ప్రాంతానికి చెందిన జాంగ్ వెన్‌జిన్ అనే భక్తుడు తన కుటుంబం చల్లగా ఉండాలని, కొడుకులూ కూతుళ్ళూ క్షేమంగా ఉండాలని ప్రార్థిస్తూ ఒక ధూపపాత్రను, రెండు పూల కూజాలను గుడికి సమర్పించుకున్నాడని, 1351కి సరిపోయే తేదీతో సహా. గుడికి ట్యూబులైటు ఇచ్చి, దాని మీద ఊరూ పేరూ రాయించుకునే మన దాతల వరుసే ఇది, అక్షరాలు మాత్రం మరింత అందంగా ఉన్నాయి. పద్నాలుగో శతాబ్దపు నీలి తెలుపు పింగాణీ అంతటికీ కాలం కట్టడానికి పండితులకు ఈ తేదీయే ఆధారమని మార్చి ఉపన్యాసంలో విన్నాను. ఆ నీలం వచ్చేది ఇరాన్ కోబాల్టు నుంచి. రెండు కూజాలూ విడిపోయి వేర్వేరు చేతుల్లో ఉంటే డేవిడ్ విడివిడిగా కొని మళ్ళీ జత కలిపాడు. ధూపపాత్ర ఇప్పటిదాకా కనబడలేదు. జాంగ్ వెన్‌జిన్ పిల్లలకు ఏమైందోనన్న ఆలోచన నన్ను ఆ సాయంత్రమంతా వదలలేదు. యువాన్ పాలన మీద తిరుగుబాట్లు రేగిన సంవత్సరం అది.

రెండోది ‘రూ’ అనే రకం పాత్రలు. వానవెలిసిన ఆకాశం రంగు అంటారు గానీ గది మసక వెలుతురులో నాకు మొదట పాలిపోయిన బూడిద రంగే కనిపించింది. ప్రపంచం మొత్తంలో వంద కూడా మిగలలేదట. సోంగ్ ఆస్థానం కోసం కొద్ది కాలం మాత్రమే చేశారు. అడుగుభాగానికి కూడా పూత పట్టాలని పాత్రను సూదుల్లాంటి చిన్న చిన్న మేకుల మీద నిలబెట్టి కాల్చేవారు. ఆ గుర్తులు నువ్వుగింజంత ఉంటాయి. ఒక పాత్రను అడుగు కనిపించేలా పెట్టారు కాబట్టి వంగి చూస్తే ఆ నువ్వుగింజలు దొరికాయి. కొన్ని పాత్రల మీద ఆరు వందల ఏళ్ళకు పైగా గడిచాక చియన్‌లాంగ్ చక్రవర్తి తన పద్యాలు చెక్కించాడు. సాదా పాత్ర మీద అలా చెక్కించడం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు. మూడోది మింగ్ చక్రవర్తి చంగ్‌హువా కాలపు కోడి గిన్నె. అరచేతిలో ఇమిడే మద్యపు గిన్నె మీద కోడిపుంజు, పెట్ట, పిల్లలు. ఇలాంటిదే ఇంకొకటి 2014లో హాంకాంగ్ వేలంలో 28 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా పలికింది, కొన్నాయన అందులో టీ పోసుకుని తాగాడు. పిల్లల వైపు వంగిన ఆ పెట్ట మెడను చూస్తే ఆయన్ని తప్పు పట్టాలనిపించలేదు.

జనవరి 29న చైనా కొత్త సంవత్సరం వచ్చింది. ఆ వారాంతంలో ఒక సాంస్కృతిక కేంద్రంలో సిరా, కుంచె శిక్షణ పెడితే పన్నెండు పౌండ్లు కట్టి వెళ్ళాను. నల్లని సిరా కడ్డీని రాతి పళ్ళెంలో నీటితో అరగదీయడానికే పావుగంట పట్టింది. కుంచెను నిలువుగా పట్టుకోవాలి, మణికట్టు బల్లకు ఆనించకూడదు. ‘యోంగ్’ అన్న ఒక్క అక్షరంలో ఎనిమిది రకాల గీతలూ ఉంటాయి కాబట్టి గంటన్నర అదొక్కటే రాయించారు. కాగితం సిరాను ఎంత వేగంగా పీల్చుకుంటుందో చూశాక, గ్యాలరీలో వెదురు ఆకుల చిత్రాల ఎదుట నిలబడితే చేతి వేగం కనిపించడం మొదలైంది. ఆ పన్నెండు పౌండ్లకు ఇంతకన్నా ఏం కావాలి.

ఇక చివరిది, అసలైనది. మ్యూజియాల దగ్గరున్న చిత్రాలలో అత్యధిక భాగం గోడల మీద ఉండవు, పెట్టెల్లో ఉంటాయి. పట్టు, కాగితం వెలుతురుకు పాడవుతాయి గనుక. అపాయింట్‌మెంటు తీసుకుంటే మామూలు మనుషులు కూడా వాటిని స్టడీ రూములో చూడవచ్చునని మార్చి ఉపన్యాసంలో ఒకరు అడిగితే తెలిసింది. పరిశోధకులకే కాబోలు అని నేను సందేహిస్తుంటే పెద్దావిడ, “అడగండి, కాదంటే కాదంటారు” అన్నారు. ఒక మ్యూజియం ఆన్‌లైన్ జాబితాలో చింగ్ కాలపు ప్రకృతి చిత్రం ఒకటి ఎంచి, దాని నమోదు సంఖ్య రాసి, ఎందుకు చూడాలనుకుంటున్నానో నిజమే రాశాను: ఉపన్యాసాలు వింటున్నాను, ఒక చుట్ట పటాన్ని చుట్టగా చూడాలని ఉంది అని. పది రోజుల్లో జవాబు వచ్చింది. తేదీ మాత్రం ఏడు వారాల తరువాత, మే నెలాఖరున ఇచ్చారు. ఫీజు లేదు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు తెమ్మన్నారు.

సంచి, కోటు, పెన్నులు లాకరులో పెట్టి పెన్సిలు మాత్రమే తీసుకెళ్ళాలి. చేతులు సబ్బుతో కడుక్కుని బాగా ఆరబెట్టుకోవాలి. ఉంగరాలు, గాజులు తీసేయమన్నారు. నల్లపూసల గొలుసు ముందుకు వేలాడుతోందని స్వెట్టర్ లోపలికి వేసుకోమన్నారు, వంగినప్పుడు కాగితానికి తగులుతుందని. మన ఆడవాళ్ళెవరైనా వెళ్ళే పని ఉంటే నగలు ఇంటి దగ్గరే పెట్టి వెళ్ళడం మేలు, తీసిన గాజుల్ని ఎక్కడ పెట్టాలో తెలియక నేను కాసేపు తికమక పడ్డాను. పటాన్ని ముట్టుకోవడానికి నన్ను అనుమతించలేదు. అక్కడి ఉద్యోగి ఒకాయన విప్పుతారు, నేను ఎదురుగా కూర్చుని చూడాలి, ‘ఇక చాలు, ముందుకు’ అని చెప్పాలి.

ముందు పట్టు నాడా, దాని కొసన చిన్న ఎముక మేకు. అది విప్పగానే జరీ గుడ్డ, తరువాత ఖాళీ కాగితం, తరువాత పెద్ద పెద్ద అక్షరాలతో మకుటం. కుడి నుంచి ఎడమకు. ఎడమ చేత్తో కొత్త భాగాన్ని విప్పుతూ, కుడి చేత్తో చూసిన భాగాన్ని చుట్టేస్తూ, ఒకసారికి రెండు మూరలకు మించి తెరవరు. మొదట నది ఒడ్డున వంతెన మీద చేతికర్రతో ఒక ముసలాయన, వెనుక వాద్యం మోస్తూ ఒక కుర్రాడు. “ముందుకు” అన్నాను. వాళ్ళిద్దరూ చుట్టలోకి వెళ్ళిపోయారు, కొండలు వచ్చాయి. ఆ తరువాత రెండు విడతల పాటు ఒక్క మనిషి లేడు. పొగమంచు, అంటే ఏమీ వేయని కాగితం. ఎంతసేపు వేచి ఉండాలో నా చేతిలోనే ఉంది కాబట్టి తొందరపడకుండా కూర్చున్నాను. అప్పుడు ఎడమ అంచున ఒక పడవ ముక్కు, మరి కాస్త విప్పితే అందులో నిద్రపోతున్న జాలరి. గ్యాలరీలో ఇదే పటాన్ని బారుగా పరచి అద్దం కింద పెడితే ముసలాయన, కొండ, పడవ ఒక్క చూపులో కనిపించి ఉండేవి. చేర్యాల పటాన్ని కథ చెప్పేవాళ్ళు ఒక్కో అంకం విప్పుతూ పోతారని వినడమే గానీ నేను చూడలేదు. ఆ పద్ధతి ఎంత బలమైనదో నాకు ఇక్కడ అర్థమైంది.

చిత్రం అయిపోయాక కూడా పటం అయిపోలేదు. తరువాతి యజమానులు, వారి మిత్రులు రాసిన రాతలు, ఎర్రని ముద్రలు చిత్రమంత పొడవునా ఉన్నాయి. ఒకరి రాత పొందికగా, మరొకరిది పరుగెత్తినట్టుగా ఉంది. ‘యోంగ్’తో కుస్తీ పట్టినదాన్ని కాబట్టి ఎక్కడ కుంచెలో సిరా అయిపోయిందో గుర్తుపట్టగలిగాను. మొత్తం గంటంబావు. తిరిగి చుట్టేటప్పుడు ఆ ఉద్యోగి కాగితంలో నిలువుగా పడిన సన్నని పగుళ్ళను, వెనుక నుంచి అతికిన పట్టీలను చూపించి, ప్రతి విప్పడమూ ఎంతో కొంత నష్టమేనని చెప్పారు. నా కోసం కూడా ఆ నష్టం జరిగిందన్న మాట నన్ను ఇబ్బంది పెట్టింది. మీలాంటివారు చూడకపోతే ఇది పెట్టెలో ఉండి ఏం లాభం అని ఆయనే అన్నారు.

ఖర్చు విషయానికి వస్తే, ఆ ఎనిమిది తొమ్మిది నెలల్లో ప్రయాణ ఛార్జీలు కాక నాకయింది వంద పౌండ్ల లోపే. అందులో సగానికి పైగా తొలి మూడు నెలల్లో ప్రదర్శన టికెట్లకే పోయింది. పెద్ద ప్రదర్శనలు దండగని అనను, ఆ రాజకుమారి పలక కోసమైనా వెళ్ళేదాన్ని. కానీ మొదటిసారి వెళ్ళేవారు టికెట్టు కొనే ముందు 33, 95 గదుల్లో రెండు మూడు సాయంత్రాలు గడిపితే ఆ టికెట్టు డబ్బుకు న్యాయం జరుగుతుంది. సెలవుల విషయంలో మాత్రం మధ్యాహ్నపు ఉపన్యాసాలకు పూటల చొప్పున చాలానే ఖర్చయ్యాయి.

ఇప్పుడు ఎదురుచూస్తున్నది ‘ఉపదేశ చిత్రం’ కోసం. 292లో జాంగ్ హువా రాజాంతఃపుర స్త్రీల నడవడి మీద రాసిన రచనకు వేసిన బొమ్మల చుట్ట అది. చిత్రకారుడు గు కైజీ పేరుతో ప్రసిద్ధమైనా, ఇప్పుడున్నది ఐదు నుంచి ఏడో శతాబ్దాల మధ్య వేసిన ప్రతి అని అంటారు. 1903లో బ్రిటిష్ మ్యూజియం కొన్నది. వెలుతురు తగలకూడదని ఏడాదికి ఆరు వారాలపాటు మాత్రమే 91ఏ గదిలో బయటపెడతారు, తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి నేను నెలకోసారి వెబ్‌సైటు చూస్తున్నాను. స్త్రీలు అద్దాల ముందు కూర్చుని అలంకరించుకునే ఘట్టాన్ని ముద్రించిన బొమ్మల్లో ఎన్నోసార్లు చూశాను. 1914, 1915 ప్రాంతంలో మ్యూజియం వారు ఆ చుట్టను కోసి పలకల మీద అతికించారు. అందుచేత ఇక దాన్ని ఎవరూ చేతులతో విప్పుకుంటూ చూడలేరు, బారుగా పరచి ఉన్నదాని ముందు నడవాల్సిందే. శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక వెళ్తాను, కుడివైపు నుంచి మొదలుపెట్టి, చేతిలోని పాంఫ్లెట్టుతో తరువాతి ఘట్టాన్ని కప్పుకుంటూ. పెద్దావిడ ఇప్పటికే తన డైరీలో ఆ ఏర్పాటు రాసి పెట్టుకున్నారు.